66 లెవల్ చారిజార్డ్ ఎందుకు ఓడిపోతోంది? ఫైర్‌రెడ్ ఎలైట్ ఫోర్‌కి టీమ్ రెడీ చేద్దాం

ఈ ఎపిసోడ్‌లో పోకీమాన్ ఫైర్‌రెడ్ గురించి మాట్లాడుకుందాం. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం వచ్చిన ఆట. అప్పటికి మీలో సగం మంది పుట్టి ఉండరు. అయినా ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు, ఎనిమిది బ్యాడ్జ్‌లు తెచ్చుకుని ఇండిగో ప్లాటో దగ్గర ఆగిపోతూనే ఉన్నారు.

మా పిన్ని కొడుకు కూడా అక్కడే ఆగిపోయాడు. మొన్న వేసవి సెలవుల్లో వాళ్ళింటికి వెళ్తే, మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ పక్కన పడేసి ఉన్నాడు. ఏమైందిరా అంటే, "అన్నా, పదకొండుసార్లు ఓడిపోయా. ఇంక డిలీట్ చేసేస్తా" అన్నాడు. బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. వాడిప్పుడు టెన్త్. బడి తెరిచిన రోజు నుంచి ఫోన్ పిన్ని బీరువాలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ పబ్లిక్ పరీక్షలయ్యాకే బయటికొస్తుంది. ఇది పిన్ని మాట, అప్పీలు లేదు. అంటే వాడికి నిజంగానే నాలుగు రోజులే టైముంది.

నేను ఫోన్ తీసుకుని టీమ్ ఓపెన్ చేశా. చారిజార్డ్ లెవల్ 66. తర్వాత పిడ్జాట్ 38, పికాచు 31, ఇంకో మూడు ఇరవైల్లో ఉన్నాయి. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ఎందుకంటే చిన్నప్పుడు నా టీమ్ కూడా అచ్చం ఇలాగే ఉండేది. మీలో చాలామందిదీ ఇదే అని నాకు తెలుసు.

వాడి లాజిక్ ఏంటంటే, ఎలైట్ ఫోర్‌లో అందరికంటే పెద్దది లాన్స్ దగ్గరున్న డ్రాగనైట్, దాని లెవల్ 60. చివర్లో ఛాంపియన్ దగ్గరున్నది 63. నాది 66. మరి నేనెందుకు ఓడిపోవాలి?

వినడానికి కరెక్ట్‌గానే ఉంది కదా. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. లొరెలై దగ్గర ఐదు, బ్రూనో దగ్గర ఐదు, అగాథా దగ్గర ఐదు, లాన్స్ దగ్గర ఐదు, ఛాంపియన్ దగ్గర ఆరు. మొత్తం 26 పోకీమాన్‌లు. మధ్యలో పోకీమాన్ సెంటర్ లేదు, వెనక్కి వెళ్ళడానికి తలుపు తెరుచుకోదు. వాడి చారిజార్డ్‌కి ఉన్న నాలుగు మూవ్‌లేంటో తెలుసా? ఫ్లేమ్‌త్రోవర్, కట్, ఫ్లై, స్ట్రెంత్. చెట్లు నరకడానికి ఒకటి, ఊళ్ళు తిరగడానికి ఒకటి, బండరాళ్ళు తొయ్యడానికి ఒకటి. గట్టిగా యుద్ధానికి పనికొచ్చేది ఒక్క ఫ్లేమ్‌త్రోవరే. దాని పీపీ 15. అంటే 26 మంది మీదికి 15 తూటాలతో వెళ్తున్నాడు. పీపీ నింపే ఈథర్, ఎలిక్సిర్ లాంటివి ఆటలో ఏ షాపులోనూ అమ్మరు, దారిలో దొరికినవే గతి. ఇది లెవల్ సమస్య కాదు ఫ్రెండ్స్. ఆ చారిజార్డ్‌ని 80 చేసినా పీపీ 15 దగ్గరే ఉంటుంది.

పైగా ఎవరి మీద వాడుతున్నాడు? లొరెలై దగ్గర ఐదింట్లో నాలుగు నీళ్ళవే. డ్యూగాంగ్, స్లోబ్రో, లాప్రాస్ మూడింటికీ సర్ఫ్ ఉంది, అది చారిజార్డ్‌కి రెట్టింపు తగులుతుంది. అక్కడ బతికితే బ్రూనో గదిలో రాక్ టూంబ్. చారిజార్డ్‌లో నిప్పు ఉంది, రెక్కలూ ఉన్నాయి, రెండింటికీ రాయంటే పడదు కాబట్టి ఆ దెబ్బ నాలుగు రెట్లు. వాడు పదకొండుసార్లూ ఈ రెండు గదుల్లోనో, మూడో దాంట్లోనో పోయాడు. లాన్స్ ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

సరే, ఏం చేశామో చెప్తా. మీ టీమ్ ఇదే కానక్కర్లేదు. ఏ పోకీమాన్‌ని ఏ పనికి పెట్టామన్నది చూడండి.

మొదట పీసీ బాక్స్ తెరిచా. అందులో లాప్రాస్ ఉంది! లెవల్ 25, ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. సాఫ్రన్ సిటీలో సిల్ఫ్ కంపెనీ బిల్డింగ్‌లో టీమ్ రాకెట్‌తో కొట్లాడేటప్పుడు ఒక ఉద్యోగి ఫ్రీగా ఇస్తాడు కదా, అది. "ఇదెందుకురా బాక్స్‌లో పెట్టావ్?" అంటే, "లెవల్ తక్కువుంది కదన్నా" అన్నాడు. ఈ ఆటలో లాన్స్‌ని కొట్టడానికి పుట్టిన పోకీమాన్ ఏదైనా ఉందంటే అది లాప్రాసే. 31కి వచ్చేసరికి ఐస్ బీమ్ దానంతటదే నేర్చుకుంటుంది, టీఎం కొనక్కర్లేదు. డ్రాగనేర్‌లు రెండింటికీ ఐస్ రెట్టింపు, ఏరోడాక్టిల్‌కీ రెట్టింపు, డ్రాగనైట్‌కి నాలుగు రెట్లు. గ్యారడోస్ ఒక్కటే ఐస్‌కి మామూలుగా తట్టుకుంటుంది, దాని సంగతి కరెంటు చూసుకుంటుంది. పైగా సర్ఫ్ ఎలాగూ ఎవరో ఒకరు మొయ్యాలి. లాప్రాస్‌కి ఇచ్చామంటే అటు దారీ అవుతుంది, ఇటు బ్రూనో దగ్గరున్న రెండు ఓనిక్స్‌లకి నాలుగు రెట్ల దెబ్బా అవుతుంది.

అదే బాక్స్‌లో ఒక హిప్నో ఉంది, లెవల్ 29. ఎప్పుడో రూట్ 11లో డ్రౌజీని పట్టాడట, 26లో హిప్నోగా మారాక ముఖం బాగోలేదని పక్కన పెట్టేశాడట. ముఖం చూసి టీమ్ కట్టే వాళ్ళందరికీ చెప్తున్నా, అగాథా గదికి హిప్నోని మించింది లేదు. నేను కావాలనే కడాబ్రా అనట్లేదు. చాలామంది అదే చెప్తారు. కానీ కడాబ్రా అలకజాం అవ్వాలంటే ఇంకో మనిషితో ట్రేడ్ చెయ్యాలి, ఒక్క ఫోన్‌లో ఒంటరిగా ఆడేవాడికి అది కుదరదు. ట్రేడ్ లేని కడాబ్రా ఒళ్ళు కాగితం. అగాథా మొదటి గెంగార్ దానికంటే వేగంగా వచ్చి షాడో పంచ్ ఇస్తుంది, కథ అయిపోతుంది.

హిప్నో అలా కాదు, దెబ్బ తిని నిలబడుతుంది. అసలు మజా దాని ఎబిలిటీలో ఉంది. ఇన్సోమ్నియా, అంటే దానికి నిద్ర రాదు. అగాథా ఆట మొత్తం నిద్ర మీదే నడుస్తుంది. హాంటర్ హిప్నాసిస్ వేసి డ్రీమ్ ఈటర్‌తో తింటుంది, చివరి గెంగార్ హిప్నాసిస్ వేసి నైట్‌మేర్ పెడుతుంది. హిప్నో ముందు ఇవేవీ పని చెయ్యవు. లొరెలై దగ్గర జింక్స్ వేసే లవ్లీ కిస్ కూడా అంతే. అగాథా దగ్గరున్న ఐదూ విషం టైపే కాబట్టి సైకిక్ ఐదింటికీ రెట్టింపు. ఆ టీఎం 29 సాఫ్రన్‌లో మిస్టర్ సైకిక్ ఇంట్లో ఫ్రీగా ఇస్తారు. మావాడు తీసుకుని, ఎవరికీ నేర్పకుండా బ్యాగ్‌లో దాచుకున్నాడు. దాచుకోవడం ఒక్కటి మాత్రం మంచి పని చేశాడు, ఎందుకంటే ఈ ఆటలో టీఎం ఒక్కసారి వాడితే అయిపోతుంది. కొత్త ఆటలు ఆడి వచ్చినవాళ్ళు ఇక్కడ చాలా నష్టపోతారు, జాగ్రత్త.

ఇక్కడే ఇంకో విషయం. గెంగార్ విషం టైపు కదా, ఎర్త్‌క్వేక్ వేస్తే పోతుందని చాలామంది వెళ్తారు. పోదు. గెంగార్, హాంటర్ రెండింటికీ లెవిటేట్ ఉంది, గాల్లో తేలుతుంటాయి. గోల్‌బాట్ ఎలాగూ ఎగిరేదే. ఆ గదిలో భూకంపం తగిలేది ఒక్క ఆర్బోక్‌కే.

మూడోది స్నార్‌లాక్స్. రూట్ 12లో దారికి అడ్డంగా పడుకుని ఉంటే ఫ్లూట్ ఊది లేపి పట్టాడు, లెవల్ 30. ఆ తర్వాత అదీ బాక్స్‌లోనే. దాని పని కష్టం వచ్చినప్పుడు ముందుకొచ్చి నిలబడటం. అది దెబ్బలు తింటుంటే మనం వెనక రివైవ్‌లు వాడుకోవాలి. విక్టరీ రోడ్‌లో బండరాళ్ళు తొయ్యడానికి స్ట్రెంత్ కూడా దీనికే ఇచ్చా. మీ దగ్గర ఐటమ్‌ఫైండర్ ఉంటే, స్నార్‌లాక్స్ పడుకున్న చోటే నిలబడి వాడండి, లెఫ్టోవర్స్ దొరుకుతుంది. స్నార్‌లాక్స్‌కి అది తగిలిస్తే ప్రతి టర్న్‌కీ కొంచెం హెచ్‌పీ తిరిగొస్తుంది. తిని పడుకునేదానికి మిగిలిన అన్నం, కరెక్టే కదా.

అన్నట్టు ఆ పోకీ ఫ్లూట్‌ని బ్యాగ్‌లో మర్చిపోకండి. యుద్ధం మధ్యలో మన పోకీమాన్ నిద్రపోతే అది ఊది లేపొచ్చు. ఎన్నిసార్లయినా అరిగిపోదు, డబ్బు ఖర్చు లేదు.

నాలుగోది బాక్స్‌లో లేదు, వెళ్ళి పట్టుకొచ్చాం. పవర్ ప్లాంట్‌లో జాప్‌డోస్, లెవల్ 50. పెంచే పనే లేదు. లెజెండరీని వాడితే చీటింగ్ అంటారు కొంతమంది. ఆటవాడే అక్కడ పెట్టాడు, మనం అంత దూరం నడిచి వెళ్ళి, బాల్ తర్వాత బాల్ వేసి పట్టుకున్నాం. ఇందులో చీటింగ్ ఏముంది? కోడ్ కొట్టి రేర్ కాండీలు 99 తెప్పించుకోవడం వేరే సంగతి. అది నేను చెప్పను. మావాడూ అడిగాడు, "అన్నా, కోడ్ కొడదామా, నాలుగు రోజులే ఉంది" అని. అలా గెలిస్తే నువ్వు గెలిచినట్టా, కోడ్ గెలిచినట్టా అన్నా. కాసేపు మూతి ముడుచుకున్నాడు.

జాప్‌డోస్ దగ్గరికి వెళ్ళే ముందు సేవ్ చెయ్యండి. పడగొట్టారంటే మళ్ళీ రాదు. మేం హిప్నోతో హిప్నాసిస్ వేసి నిద్రపుచ్చి అల్ట్రా బాల్‌లు విసిరాం. పద్నాలుగో బాల్‌కి చిక్కింది. పట్టాక మూవ్‌లు చూసి మావాడు కంగారుపడ్డాడు. థండర్ వేవ్, ఎజిలిటీ, డిటెక్ట్, డ్రిల్ పెక్. పేరుకి కరెంటు పక్షి, కరెంటుతో కొట్టే మూవ్ ఒక్కటీ లేదు! అవును, లెవల్ 50 జాప్‌డోస్ అలాగే వస్తుంది, కరెంటు దెబ్బ మనమే నేర్పాలి.

ఇక్కడ నేనో తప్పు చేశా. అదేంటో చెప్తా, కానీ ముందు మిగతా టీమ్.

ఐదోది మన చారిజార్డే. దాన్ని తియ్యలేదు, రిపేర్ చేశాం. హెచ్ఎం మూవ్‌లు మామూలుగా మర్చిపోవు కదా, ఫ్యుషియా సిటీలో మూవ్ డిలీటర్ అని ఒకాయన ఉంటాడు, ఆయన దగ్గర కట్, స్ట్రెంత్ రెండూ తీయించాం. ఒక ఖాళీలో ఎర్త్‌క్వేక్ పెట్టాం, అది జియోవానీని ఓడించినప్పుడు వచ్చిన టీఎం 26. ఇంకో ఖాళీని డ్రాగన్ క్లా కోసం ఉంచాం, ఆ టీఎం విక్టరీ రోడ్‌లో నేల మీద దొరుకుతుంది. ఫ్లై ఉంచేశాం.

డ్రాగన్ క్లా అంటే గోళ్ళతో గీరడం కదా, అటాక్ ఎక్కువున్నవాళ్ళకే ఇవ్వాలి కదా అని అనుమానం రావచ్చు. ఈ ఆటలో అలా కాదు. ఫైర్‌రెడ్‌లో మూవ్ ఫిజికలా స్పెషలా అన్నది దాని టైపుని బట్టి ఉంటుంది. నిప్పు, నీళ్ళు, గడ్డి, కరెంటు, ఐస్, సైకిక్, డ్రాగన్, డార్క్, ఈ ఎనిమిదీ ఎప్పుడూ స్పెషలే. మిగతావన్నీ ఫిజికల్. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చాకే మూవ్ మూవ్‌కీ విడివిడిగా మార్చారు. అందుకే ఇక్కడ డ్రాగన్ క్లా చారిజార్డ్‌కి బ్రహ్మాండంగా పని చేస్తుంది, దానికి స్పెషల్ అటాక్ ఎక్కువ. అదే గ్యారడోస్‌కి సర్ఫ్ నేర్పి, నీళ్ళ పోకీమానే కదా, దెబ్బెందుకు తక్కువ పడుతోంది అని తలపట్టుకునేవాళ్ళున్నారు. దాని బలమంతా మామూలు అటాక్‌లో ఉంది, నీళ్ళు స్పెషల్‌లోకి వెళ్ళిపోతాయి. ఇంటర్నెట్‌లో టీమ్ సలహా చూసినప్పుడు అది ఏ ఆటకి చెప్పారో చూసుకోండి.

ఇక ఆరోది. నేను ఎర్త్‌క్వేక్ కొట్టే ఇంకోదాన్ని పెట్టి, పికాచుని బాక్స్‌లో వేద్దామన్నా. వాడు ఒప్పుకోలేదు. "అన్నా, అది విరిడియన్ ఫారెస్ట్‌లో పట్టింది, మొదటి రోజు నుంచి ఉంది" అన్నాడు. లెవల్ 31. అరవై లెవల్ వాళ్ళ ముందు అది ఒక్క దెబ్బకి ఎగిరిపోతుంది. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నేనే తగ్గా, ఎందుకంటే దానికీ ఒక పని దొరికింది. మంచి పోకీమాన్ హెచ్‌పీ అయిపోవచ్చినప్పుడు దాని బదులు ఇంకోదాన్ని పంపితే, ఆ వచ్చింది ఉచితంగా ఒక దెబ్బ తింటుంది. పికాచుని పంపితే అది పడిపోతుంది, కానీ ఆ తర్వాత మనం ఎవర్ని దింపినా ఫుల్ హెచ్‌పీతో దెబ్బ తినకుండా దిగుతారు. పైగా అది నిలబడ్డ ఆ ఒక్క టర్న్‌లో వెనకున్న వాళ్ళకి రివైవ్ వాడొచ్చు. కొంచెం క్రూరంగానే ఉంది, ఒప్పుకుంటా.

ట్రైనింగ్ సంగతి. హిప్నో, లాప్రాస్, స్నార్‌లాక్స్ మూడింటినీ యాభై దగ్గరికి తేవాలి. ఎక్స్‌ప్ షేర్ రావాలంటే యాభై రకాలు పట్టి ఉండాలి, మావాడికి ముప్పై కూడా లేవు. కాబట్టి పాత పద్ధతే. చిన్నదాన్ని ముందు పెట్టి యుద్ధం మొదలెట్టడం, వెంటనే పెద్దదానికి మార్చడం, ఎక్స్‌పీరియన్స్ చెరిసగం. సముద్రపు దారుల్లో, 19, 20 రూట్‌లలో, ఈతగాళ్ళు వరసగా ఉంటారు, దాదాపు అందరిదీ నీళ్ళ బ్యాచ్. లాప్రాస్‌ని ముందు పెట్టి జాప్‌డోస్‌కి మార్చడమే. ఓడినవాళ్ళతో మళ్ళీ ఆడాలంటే వీఎస్ సీకర్ ఉంది కదా, వెర్మిలియన్ పోకీమాన్ సెంటర్‌లో ఒకావిడ ఇస్తుంది. వాడిన ప్రతిసారీ మళ్ళీ ఛార్జ్ అవ్వడానికి వంద అడుగులు నడవాలి. ఎక్స్‌పీరియన్స్‌తోపాటు డబ్బూ వస్తుంది.

హిప్నో మాత్రం విక్టరీ రోడ్‌లో పెరిగింది. అక్కడ అడవి పోకీమాన్‌లు ఎవరో గమనించారా? మచోక్, ఓనిక్స్, గోల్‌బాట్, ఫైర్‌రెడ్‌లో అయితే ఆర్బోక్ కూడా. అంటే బ్రూనో, అగాథాల బంధువులే. పరీక్షకి ముందు పేపర్ లీకైనట్టే. ఎవరితో ఎవరిని కొట్టించాలో అక్కడే చేతికి అలవాటైపోతుంది. మాక్స్ రిపెల్ చల్లుకుంటూ పరిగెత్తేవాళ్ళు ఇదంతా వదిలేసుకుంటున్నారు. మూడో రోజు సాయంత్రానికి హిప్నో 50, లాప్రాస్ 48, స్నార్‌లాక్స్ 47.

ఇప్పుడు డబ్బు, నా తప్పు. చేతిలో 96,000 ఉంది. జాప్‌డోస్‌కి మూడు దారులు. సర్జ్ ఇచ్చిన షాక్ వేవ్, టీఎం 34. అది వాడు అప్పుడెప్పుడో పికాచుకి నేర్పేశాడు, పోయింది. రెండోది థండర్, పవర్ ప్లాంట్‌లోనే ఫ్రీగా దొరికింది. మూడోది థండర్‌బోల్ట్, సెలడాన్ గేమ్ కార్నర్‌లో 4000 కాయిన్లు. కాయిన్లు కౌంటర్‌లో కొంటే 500కి 10,000, అంటే మొత్తం 80,000. నేను లెక్కేశా. 80,000 పెడితే మందులకి ఏమీ మిగలదు. థండర్ దెబ్బ ఇంకా పెద్దది, ఫ్రీ. థండరే పెట్టా. వంద దెబ్బల్లో డెబ్బై తగులుతాయి, ఫర్వాలేదనుకున్నా.

మందులు ఇలా కొన్నాం. ఇండిగో ప్లాటో షాపులో ఫుల్ రిస్టోర్ ఒక్కోటి 3000, అవి ఎనిమిది. రివైవ్ 1500, అవి పన్నెండు. ఫుల్ హీల్ 600, పది. ఇంకా సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ డాబా మీద వెండింగ్ మెషీన్ ఉంటుంది, అందులో లెమనేడ్ 350, అది 80 హెచ్‌పీ ఇస్తుంది. 1200 పెట్టి 200 ఇచ్చే హైపర్ పోషన్ కంటే చవక. అవి ఇరవై. మొత్తం 55,000. గదికీ గదికీ మధ్య నడిచేటప్పుడు లెమనేడ్, యుద్ధంలో మాత్రమే ఫుల్ రిస్టోర్. ఈ తేడా పాటిస్తే డబ్బు సగం మిగులుతుంది.

ఇంకో చిన్న కిటుకు. వాళ్ళ దగ్గరా ఫుల్ రిస్టోర్‌లుంటాయి. మీరు కొట్టి కొట్టి హెచ్‌పీ ఎరుపులోకి తెచ్చి వదిలితే, వాళ్ళు దాన్ని నింపేసుకుంటారు. ఒక దెబ్బకి చావదు, రెండు దెబ్బలకి చస్తుంది అనుకుంటే, మొదటిది చిన్నదైనా ఫర్వాలేదు, ఎరుపులోకి వెళ్ళకుండా చూసుకుని రెండోది పెద్దది వెయ్యండి.

మొదటి ప్రయత్నం. లొరెలై దగ్గర థండర్ మూడుసార్లు తప్పింది, అయినా గట్టెక్కాం. స్లోబ్రోని మాత్రం ఆలస్యం చెయ్యకుండా పడగొట్టాలి, ఎమ్నీసియా వేసుకోనిచ్చారంటే గోడైపోతుంది. జింక్స్‌ని చారిజార్డ్ చూసుకుంది. బ్రూనో గది ఐదు నిమిషాలు, చెప్పడానికేం లేదు, ఓనిక్స్‌లకి సర్ఫ్, మిగతావాళ్ళకి సైకిక్. అగాథా గదిలో మావాడు లేచి కూర్చున్నాడు. హాంటర్ హిప్నాసిస్ వేసింది, హిప్నో కళ్ళు తెరిచే ఉంది. "అన్నా, నిద్రపోలేదు!" అని అరిచాడు. పిన్ని వంటింట్లోంచి ఎవరు నిద్రపోలేదు అని అడిగింది.

లాన్స్ గ్యారడోస్‌కి కరెంటు నాలుగు రెట్లు, ఒక్క థండర్‌తో పోయింది. ఏరోడాక్టిల్‌ని కూడా జాప్‌డోస్‌తో ఆడొచ్చు, కానీ ఏన్షియంట్ పవర్ వస్తే లాప్రాస్‌కైనా జాప్‌డోస్‌కైనా రెట్టింపు తగులుతుంది. లాన్స్ దగ్గర అందరికీ హైపర్ బీమ్ ఉంది. అది తగిలితే తర్వాతి టర్న్ వాళ్ళు కదల్లేరు, మందు వాడుకోవడానికి అదే సమయం. డ్రాగనైట్ ఒక్క ఐస్ బీమ్‌కి పడిపోయింది. పదకొండుసార్లు ఓడినవాడు మొదటిసారి లాన్స్ గది దాటాడు.

తర్వాత ఛాంపియన్, అంటే మన రైవల్. మావాడు వాడికి తన క్లాస్‌మేట్ పేరు పెట్టాడు, ఆ పేరు ఇక్కడ చెప్పను. చార్మాండర్ తీసుకున్నవాళ్ళకి చివర్లో వచ్చేది బ్లాస్టోయిస్, లెవల్ 63. పిడ్జాట్, అలకజాం, రైడాన్ అందరికీ ఒకటే. మిగతా రెండూ మీరు తీసుకున్న స్టార్టర్‌ని బట్టి మారతాయి, మాకు ఎగ్జెగ్యూటర్, ఆర్కనైన్. పిడ్జాట్‌కి జాప్‌డోస్, రైడాన్‌కి, ఆర్కనైన్‌కి లాప్రాస్ సర్ఫ్, ఎగ్జెగ్యూటర్‌కి చారిజార్డ్ నిప్పు. అలకజాంకి స్నార్‌లాక్స్, ఎందుకంటే స్పెషల్ దెబ్బలు దానికి దోమకాటు, అలకజాం ఒళ్ళేమో గాజు. బ్లాస్టోయిస్ వచ్చేసరికి మాకు జాప్‌డోస్, స్నార్‌లాక్స్ మిగిలాయి. థండర్ వేశా. తప్పింది. మళ్ళీ వేశా. మళ్ళీ తప్పింది. మధ్యలో హైడ్రో పంప్ తగిలింది. స్నార్‌లాక్స్ ఒంటరిగా ఎంతసేపు? ఓడిపోయాం.

లాప్రాస్‌తో రెయిన్ డాన్స్ వేస్తే వానలో థండర్ తప్పదు కదా అని మీలో ఎవరో అనుకుంటున్నారు. నిజమే. కానీ అదే వానలో బ్లాస్టోయిస్ నీళ్ళ దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది. వద్దు.

మావాడేమీ అనలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ థండర్ నిర్ణయం నాది. వాడు థండర్‌బోల్ట్ కొందామనే అన్నాడు, నేనే పెద్ద లెక్కలరాయుడిలా ఆపా. మందులు తక్కువైనా నడిచేది. మందు ఉపయోగపడాలంటే ముందు మన దెబ్బ తగలాలి కదా.

ఓడిపోయినా కొంత డబ్బే పోతుంది, వచ్చిన లెవల్స్ మాత్రం మనవే. ఇది గుర్తుంచుకోండి, ఓడిన ప్రతి రౌండూ ట్రైనింగే. లాప్రాస్ అప్పటికే 52. రాత్రి భోజనాలయ్యాక వెళ్ళి చూస్తే, వాడు సముద్రంలో ఈతగాళ్ళతో ఆడుతున్నాడు. బ్యాగ్‌లో ఉన్న నగ్గెట్‌లన్నీ ఒక్కోటి 5000కి అమ్మేశాడు. నాతో మాట్లాడకుండానే చేతిలో 80,000 చేశాడు. గేమ్ కార్నర్‌కి వెళ్ళి 500 కాయిన్లు ఎనిమిదిసార్లు కొన్నాడు. జాప్‌డోస్‌లో థండర్ తీసి థండర్‌బోల్ట్ పెట్టాడు. పీపీ 15, ఎప్పుడూ తగులుతుంది. అప్పుడు నా వైపు చూసి, "రేపు పొద్దున నేనే ఆడతా, నువ్వు మాట్లాడకు" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున నేను మాట్లాడలేదు. ప్రతి గది తర్వాత వాడు ఆటలోనే సేవ్ చేశాడు. ఫోన్‌లో ఆడేవాళ్ళు స్టేట్ సేవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, స్టార్ట్ నొక్కి అసలు సేవ్ కూడా చెయ్యండి. కొత్త మందులు కొనడానికి డబ్బు లేదు, నిన్న మిగిలినవే. బ్లాస్టోయిస్ వచ్చినప్పుడు జాప్‌డోస్ హెచ్‌పీ పావు వంతు కూడా లేదు. వాడు పికాచుని పంపాడు. అది ఉన్న ఒక్క టర్న్‌లో జాప్‌డోస్‌కి ఆఖరి ఫుల్ రిస్టోర్ వాడాడు. పికాచు పడిపోయింది. జాప్‌డోస్ దిగింది. థండర్‌బోల్ట్, ఇంకో థండర్‌బోల్ట్.

తర్వాత ప్రొఫెసర్ ఓక్ వస్తాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్తాడు, ఆరు పోకీమాన్‌లనీ ఒక్కొక్కటిగా చూపిస్తారు. చారిజార్డ్ 68. జాప్‌డోస్ 54. లాప్రాస్, హిప్నో, స్నార్‌లాక్స్. ఆఖర్న పికాచు, లెవల్ 31. వాడు ఆ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ మళ్ళీ చూసుకున్నాడు, సాయంత్రం ఫోన్ పిన్నికి ఇచ్చేశాడు.

స్క్విర్టిల్, బల్బసార్ తీసుకున్నవాళ్ళకి ఛాంపియన్ టీమ్ మారుతుంది కాబట్టి దాని మీద ఇంకో ఎపిసోడ్ చేస్తా. ఈలోగా ఒకసారి మీ పీసీ బాక్స్ తెరిచి చూడండి. లాప్రాస్ అక్కడే ఉందేమో. ఉంటా ఫ్రెండ్స్, బై.